రెండో తీగ మీ ఇంటి దాకా వచ్చిందా?

పోయిన నెల ఒక పాఠకుడు ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంచుకోవాలా తీసేయాలా అని అడిగితే నాలుగు ముక్కలు రాశాను, దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి, వాటిల్లో సగం కెనడాలో చిన్న చిన్న ఊళ్ళల్లో ఉంటున్న మనవాళ్ళవే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఫోన్లకే ఇచ్చేస్తున్నా. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట, నేను 31 ఏళ్ళు మన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేశాను, రిటైరయ్యాక ఒంటారియోలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి ఫోన్ రూల్సు కూడా కూర్చుని చదువుతుంటాను, ఎందుకంటే ఊరి చివరింటికి తీగ లాగే కష్టం ఏ దేశంలో అయినా ఒకటే అని నాకు తెలుసు.

ప్రశ్న: బాబాయి గారూ నమస్తే. మేము నోవా స్కోషియాలో ఒక చిన్న టౌన్లో ఉంటాం, మావారు ఇక్కడి హాస్పిటల్లో డాక్టర్. మొన్న పాత కాగితాలు సర్దుతుంటే ఫోన్ కంపెనీ ఎప్పుడో పంపిన ఉత్తరం ఒకటి దొరికింది, మీ ఏరియాలో ఇళ్ళకిచ్చే లోకల్ ఫోన్ సర్వీసు మీద ఇకనుంచి రెగ్యులేషన్ ఉండదు అని ఉంది అందులో. అప్పట్లో సరిగ్గా చదవకుండా డ్రాయర్లో పడేసినట్టున్నాం. మా అత్తయ్యగారికి 79 ఏళ్ళు, వంటింట్లో గోడకున్న ఫోన్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. బిల్లేమో ఎక్కుతూనే ఉంది. ఆ ఉత్తరానికీ ఈ బిల్లుకీ సంబంధం ఉందా? కంపెనీ ఎంత కావాలంటే అంత వేసేయొచ్చా?

జవాబు: సంబంధం ఉందమ్మా, కానీ మీరు భయపడుతున్నంత లేదు. కొంచెం వెనక్కెళ్ళి చెప్తా.

మనకి ట్రాయ్ ఎలాగో కెనడాకి సీఆర్‌టీసీ అలాగ, ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ. ఒకప్పుడు ఇంటి ఫోన్ రేటు పావలా పెంచాలన్నా తగ్గించాలన్నా కంపెనీ వాళ్ళ దగ్గరికెళ్ళి కాగితం పెట్టి పర్మిషన్ తెచ్చుకోవాలి, ఒకే కంపెనీ ఒకే తీగ కాబట్టి అది న్యాయమే. 1993లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టంలో 34వ సెక్షన్ అని ఒకటుంది, దాని సారాంశం ఏంటంటే, ఒక సర్వీసులో కస్టమర్లని కాపాడేంత పోటీ ఉందని తేలితే సీఆర్‌టీసీ ఆ సర్వీసు మీద నుంచి చెయ్యి తీసేయాలి. తీసేయొచ్చు అని కాదు, తీసేయాలి అనే ఉంది. దీన్నే ఫర్‌బేరెన్స్ అంటారు. 1997లో లోకల్ ఫోన్లలోకి వేరే కంపెనీలని రానిచ్చారు, 1999కల్లా మీ హాలిఫాక్స్‌లోనే ఈస్ట్‌లింక్ అనే కేబుల్ కంపెనీ టీవీ తీగ మీద ఫోన్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు పాత ఫోన్ కంపెనీ ఆలియంట్, మా కస్టమర్లు అటు పోతున్నారు, మా చేతులు మాత్రం కట్టేసి ఉన్నాయి, మాకూ వదలండి అని 2004లో అర్జీ పెట్టుకుంది. దేశం మొత్తానికి ఈ రూల్సు పుట్టింది ఆ అర్జీ నుంచే, అంటే కథ మొదలైంది మీ ప్రాంతంలోనే.

2006లో సీఆర్‌టీసీ ఒక పద్ధతి పెట్టింది. పాత కంపెనీ ఆ మార్కెట్లో 25 శాతం కస్టమర్లని పోగొట్టుకున్నాకే చెయ్యి తీస్తాం అంది. అది చాలా కష్టమైన షరతని కంపెనీలు గోలపెట్టాయి, అప్పటి ఇండస్ట్రీ మంత్రి మాక్సిమ్ బెర్నియే కూడా మార్కెట్‌కి వదిలేయాలనే మనిషి, 2007 ఏప్రిల్లో క్యాబినెట్ ఆ నిర్ణయాన్ని మార్చేసింది. కస్టమర్లు పోకపోయినా సరే, పోటీ కంపెనీలు అక్కడ ఉంటే చాలు అంది. ఆ తర్వాత ఊరు ఊరుకీ అర్జీలు పడ్డాయి. మీ డ్రాయర్లో దొరికిన ఉత్తరం కూడా ఊరికే పంపింది కాదు, చెయ్యి తీసేసేటప్పుడు కస్టమర్లకి రెండు అఫీషియల్ భాషల్లో తెలియజేయాలి, ఏం రాస్తారో ముందు మాకు చూపించాలి అని సీఆర్‌టీసీ పెట్టే షరతు అది.

ఇప్పుడు మీ బిల్లు సంగతి. చెయ్యి తీసేశాక కాలర్ డిస్‌ప్లే, వాయిస్ మెయిల్, మూడు సర్వీసులు కలిపి ఇచ్చే ప్యాకేజీలు, వీటి రేట్లు కంపెనీ ఇష్టం. పోయిన కస్టమర్‌కి ఫోన్ చేసి నెలకి పది డాలర్లు తగ్గిస్తాం వెనక్కి రా అనొచ్చు, 2007కి ముందు అలా వెంటనే వెనక్కి పిలవడం మీద ఆంక్షలుండేవి. కానీ ఒక్కటి మాత్రం వదల్లేదు. ఏ ఫీచరూ లేని, ఏ ప్యాకేజీలోనూ లేని ఒట్టి ఇంటి ఫోన్ లైన్ ఉంటుంది చూశారా, దానికి మాత్రం చెయ్యి తీసేసినప్పుడు కూడా ఒక గరిష్ఠ రేటు పెట్టారు. అత్యవసర నంబర్ 911 ఇవ్వడం, వినికిడి లేనివాళ్ళకి ఇచ్చే రిలే సర్వీసు, కస్టమర్ వివరాలు గోప్యంగా ఉంచడం, ఇలాంటి బాధ్యతలూ కంపెనీ మీదే ఉంచారు.

అందుకని మీరు చేయాల్సింది, ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆ బిల్లుని లైన్ లైన్ చదవండి. నా అనుభవంలో పెద్దవాళ్ళ బిల్లుల్లో ఎక్కేది లైన్ అద్దె కాదు, ఎప్పుడో ఎవరో ఫోన్లో సరే అనిపించుకున్న ఫీచర్లు. మొన్న ఇక్కడ మనవాళ్ళింట్లో ఒక ముసలాయన బిల్లు చూశాను, గోడ మీద పాత ఫోన్, దానికి స్క్రీనే లేదు, నెలనెలా కాలర్ డిస్‌ప్లేకి డబ్బు కడుతున్నాడు పాపం! ఎవరు చేస్తున్నారో చూపించడానికి స్క్రీన్ లేని ఫోన్‌కి ఆ ఛార్జీ ఎన్నేళ్ళనుంచి పడుతోందో, నాకు కడుపు తరుక్కుపోయింది. మీరు కంపెనీకి ఫోన్ చేసి, నాకు ఫీచర్లొద్దు ప్యాకేజీ వద్దు, స్టాండ్ అలోన్ బేసిక్ లైన్ ఒక్కటే కావాలి, మా ఎక్స్ఛేంజిలో దాని గరిష్ఠ రేటెంతో చెప్పండి అని అడగండి. ఆ మాటలే వాడండి. ఊరికే తగ్గించండి అంటే ఇంకో ప్యాకేజీ అంటగడతారు.

ప్రశ్న: అంకుల్, మాది ఒంటారియోలో హ్యూరాన్ లేక్ వైపు, టౌన్ నుంచి తొమ్మిది కిలోమీటర్ల దూరం, చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. టౌన్లో పోటీ ఉంది కాబట్టి లోకల్ ఫోన్ డీరెగ్యులేట్ అయింది అన్నారు. మా ఇంటికి కేబుల్ రాదు. సెల్ సిగ్నల్ మేడ మీద కిటికీ దగ్గర రెండు గీతలు. మాకు పోటీ ఉందని ఎవరు ఏ లెక్కన తేల్చారు?

జవాబు: బాబూ, వచ్చిన అన్ని ఉత్తరాల్లోకీ మీదే అసలు ప్రశ్న, అందుకే జవాబు పొడుగ్గా రాస్తున్నా.

లెక్క ఇలా ఉంటుంది. కొలిచే యూనిట్ ఎక్స్ఛేంజి ఏరియా, అంటే ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి కింద వచ్చే ప్రాంతమంతా, టౌనూ దాని చుట్టుపక్కల పొలాలూ కలిపి. ఇళ్ళ ఫోన్ల విషయంలో పాత కంపెనీ కాకుండా కనీసం ఇంకో ఇద్దరు ఉండాలి, వాళ్ళు పాత కంపెనీతో గానీ ఒకళ్ళతో ఒకళ్ళు గానీ సంబంధం లేని స్వతంత్ర కంపెనీలై ఉండాలి, సొంత నెట్‌వర్క్ ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు సెల్ కంపెనీ అయినా పర్వాలేదు, రెండోవాళ్ళు మాత్రం తీగ వేసినవాళ్ళై ఉండాలి. పాత కంపెనీ ఎన్ని ఇళ్ళ లైన్లకి సర్వీసు ఇవ్వగలదో అందులో కనీసం 75 శాతానికి వీళ్ళల్లో ఒక్కొక్కరూ ఇవ్వగలిగి ఉండాలి. దీనికితోడు పాత కంపెనీ ఆర్నెల్లపాటు పోటీ కంపెనీలకి చేయాల్సిన పనులు, కస్టమర్ పాత నంబర్ని అలాగే కొత్త కంపెనీకి మార్చడం, లైన్లు కలపడం లాంటివి, టైముకి చేసినట్టు చూపించాలి. ఈ చివరి షరతు నాకు బాగా నచ్చింది. ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ణి కదా, పక్కవాడి కనెక్షన్ ఒక్కవారం లేట్ చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, కస్టమర్ విసిగిపోయి వెనక్కొచ్చేస్తాడు.

ఇక 75 దగ్గరికొద్దాం. నూటికి 75 ఇళ్ళంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ పల్లెటూరి ఎక్స్ఛేంజిలో ఆ 75 ఇళ్ళు ఎక్కడుంటాయో ఆలోచించండి, టౌన్లోనే, పక్కపక్కన గుంపుగా. మిగిలిన 25 చేలల్లో, కిలోమీటరుకి ఒకటి. కేబుల్ కంపెనీ ఎప్పుడూ గుంపుగా ఉన్నచోటికే వెళ్తుంది, వాళ్ళని తప్పుపట్టలేం, ఒక్క స్తంభం మీద ఇరవై ఇళ్ళు దొరికేచోటు వదిలి ఇరవై స్తంభాలకి ఒక్క ఇల్లు దొరికేచోటికి ఎవరు పోతారు. కాబట్టి ఆ పాతిక శాతంలో ఏ ఇళ్ళుంటాయి అనేది అదృష్టం మీద ఆధారపడదు, ప్రతిసారీ మీలాంటి ఇళ్ళే ఉంటాయి.

పోయిన అక్టోబర్లో మా అల్లుడితో కలిసి మీ వైపే ఒక స్నేహితుడింటికి వెళ్ళాను. టౌన్ దాటగానే రోడ్డు పక్కన ఆకుపచ్చ పెట్టెలు, మోకాలెత్తున ఉంటాయి చూడండి, అవి కనిపిస్తూ వచ్చాయి. కేబుల్ వాళ్ళవి. మొదటి కన్సెషన్ రోడ్డు, అంటే పొలాల మధ్య నుంచి పోయే రోడ్డు, దాని కూడలి దగ్గర ఆఖరి పెట్టె ఉంది, దాని పక్కనే కింద కేబులుంది తవ్వొద్దు అనే నారింజ రంగు గుంజ, అంతే. ఆ తర్వాత స్నేహితుడి ఇల్లు దాకా ఇంకో ఆరు కిలోమీటర్లు పాత ఫోన్ కంపెనీ తీగ తప్ప ఏమీ లేదు. కారు ఆపించి ఆ గుంజ దగ్గర కాసేపు నిలబడ్డాను. కాగితం మీద ఎక్స్ఛేంజి మొత్తం పోటీ మార్కెట్, ఇక్కడేమో పోటీ ఆగిపోయిన జాగా కళ్ళముందు కనిపిస్తోంది.

సీఆర్‌టీసీ కళ్ళు మూసుకుని అన్నిటికీ సంతకం పెట్టిందని మాత్రం అనను. కేబుల్ 75 శాతానికి చేరలేదని తేలినచోట అర్జీలు తిప్పికొట్టిన సందర్భాలున్నాయి, ఒకే ఉత్తర్వులో కొన్ని ఎక్స్ఛేంజీలకి అవును, కొన్నిటికి కాదు అని చెప్పినవీ ఉన్నాయి. నా అభ్యంతరం రెండు విషయాల మీద. ఒకటి, సెల్‌ని తీగతో సమానంగా లెక్కపెట్టడం. మ్యాప్ మీద కవరేజి ఉండటం వేరు, ఇటుక గోడ లోపల వంటింట్లో మాట వినబడటం వేరు, మీరు చెప్పిన మేడ మీద కిటికీ సంగతే దానికి సాక్ష్యం. పైగా సెల్ బిల్లు మనిషికొకటి, ల్యాండ్‌లైన్ ఇంటికొకటి, ఇక్కడ ల్యాండ్‌లైన్‌లో లోకల్ కాల్స్ ఎన్ని చేసినా విడిగా డబ్బుండదు. రెండోది, ఇల్లు ఇల్లుగా చూడాల్సింది ఎక్స్ఛేంజి మొత్తానికి కలిపి చూడటం. టౌన్లో ఉన్నవాళ్ళకి రేట్లు తగ్గించి పోటీపడాల్సి వచ్చినప్పుడు ఆ తగ్గించినది ఎక్కడో రాబట్టుకోవాలి కదా, రెండో దారి లేని ఇళ్ళ మీద ఆ బరువు పడకుండా ఆపేది ఇందాక చెప్పిన ఆ గరిష్ఠ రేటు ఒక్కటే. మీకు సంబంధించినంతవరకు అసలు కాపలా అదే. దాన్ని తీసేద్దాం అని ఎప్పుడైనా ప్రతిపాదన వస్తే, సీఆర్‌టీసీ జనం అభిప్రాయాలు అడుగుతుంది, అప్పుడు మీ ఇంటి దూరం, ఆఖరి పెట్టె ఎక్కడుంది, సిగ్నల్ ఎన్ని గీతలు, ఇవన్నీ రాసి పంపండి. లాయర్ అక్కర్లేదు.

ఇంకో మాట. మీ వైపు సహకార సంఘాలుగా నడిచే చిన్న ఫోన్ కంపెనీలున్నాయి, హే, క్వాడ్రో, మార్నింగ్టన్ లాంటివి. మన పాల సొసైటీల్లాగే వాడేవాళ్ళే మెంబర్లు. మీ రోడ్డుకి అలాంటి వాళ్ళు ఫైబర్ తెచ్చే ఆలోచనలో ఉన్నారేమో పక్క పొలం వాళ్ళని అడగండి, నలుగురు కలిసి అడిగితే లెక్క మారుతుంది.

ప్రశ్న: నేను టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా సార్. నా జనరేషన్లో ల్యాండ్‌లైన్ ఎవరూ వాడరు. చచ్చిపోతున్న సర్వీసుకి రెగ్యులేషన్ ఎందుకు, మార్కెట్‌కి వదిలేస్తే పోలా? ఊళ్ళల్లో ఉండేవాళ్ళ ఖర్చు సిటీలో వాళ్ళెందుకు మోయాలి?

జవాబు: మీ మొదటి మాటలో సగం నేనూ ఒప్పుకుంటా. నిజంగా ముగ్గురు కంపెనీలు తలుపు తట్టేచోట రేటు పెంచాలన్నా తగ్గించాలన్నా ఒట్టావాకి కాగితం పంపాల్సిన పనిలేదు, అది కస్టమర్‌కే నష్టం, ఎందుకంటే తగ్గించడానికి కూడా ఆలస్యమవుతుంది. అక్కడ చెయ్యి తీసేయడం మంచి పనే.

రెండో మాటకి మాత్రం ఒప్పుకోను. ఊళ్ళో లైన్ ఎందుకు ఖర్చో చెప్తా. సీఆర్‌టీసీ ఎక్స్ఛేంజీలని బ్యాండులుగా విడగొట్టింది, మొత్తం 1,500 లైన్లు కూడా దాటని ఎక్స్ఛేంజీలు ఒక బ్యాండు, 8,000 లోపే ఉండి ఇంటికీ ఎక్స్ఛేంజికీ మధ్య తీగ సగటున నాలుగు కిలోమీటర్లు దాటేవి ఇంకో బ్యాండు, ఇవి ఖర్చు ఎక్కువయ్యే ప్రాంతాలు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా దగ్గర ఊరి బయట ఒక రైతుకి కనెక్షన్ శాంక్షన్ అయింది, ఆ ఒక్క ఫోన్ కోసం 14 స్తంభాలు పాతాం. లైన్‌మన్, నేను, ఇద్దరు కూలీలు, మూడు రోజులు. ఆయన కట్టే అద్దెతో ఆ స్తంభాల ఖర్చు ఆయన జీవితకాలంలో తీరదు. కానీ ఆ ఏడే వాళ్ళింట్లో ఒక కాన్పు కష్టమైతే రాత్రి ఒంటిగంటకి టౌన్లో డాక్టరమ్మకి ఫోన్ ఆ లైన్ మీద నుంచే వెళ్ళింది. ఆ తీగ కేవలం ఆయనది మాత్రమే అని ఎలా అంటాం చెప్పండి, ఆ రాత్రి అది డాక్టరమ్మది కూడా. సిటీలో మీ అమ్మగారికి ఊళ్ళో ఉన్న చెల్లెలు ఫోన్ ఎత్తాలంటే ఆ చెల్లెలింట్లో ఫోన్ ఉండాలిగా.

కెనడాలో ఈ ఖర్చుకి అన్ని కంపెనీల ఆదాయం నుంచి కొంత తీసి ఒక నిధిలో వేసేవాళ్ళు. 2016 డిసెంబర్లో సీఆర్‌టీసీ ఇంటర్నెట్ కూడా కనీస అవసరమే అని ప్రకటించి, 50 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ 10 అప్‌లోడ్ లక్ష్యంగా పెట్టి, ఐదేళ్ళలో 75 కోట్ల డాలర్లతో కొత్త నిధి తెచ్చింది, ఫోన్ లైన్లకిచ్చే సబ్సిడీని 2019 నుంచి 2021 చివరికల్లా మెల్లగా ఆపేసింది. డబ్బు ఇంటర్నెట్ వైపు తిప్పడం నాకు సబబుగానే అనిపిస్తుంది, తీగ వచ్చాక దాని మీద మాట కూడా పోతుంది. కానీ కొత్త తీగ చేరకముందే పాత తీగని పట్టించుకోకుండా వదిలేస్తే మధ్యలో ఇరుక్కునేది ఆ కన్సెషన్ రోడ్డు చివర ఉన్న కుటుంబమే.

ప్రశ్న: సార్ నమస్తే, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా ఇంట్ల ల్యాండ్‌లైన్ 2001ల పెట్టిచ్చినం, ఇప్పుడు ఫోన్ పెట్టె ఉన్నది గని టోన్ రాదు. కెనడా ముచ్చట్లు మంచిగనే ఉన్నయి, మన దగ్గర గీ రెగ్యులేషన్ ఉన్నదా లేదా?

జవాబు: ఉంది తమ్ముడూ, వింటే ఆశ్చర్యపోతారు. 1997లో ట్రాయ్ వచ్చింది, 1999లో టారిఫ్ ఆర్డర్ ఇచ్చింది, ఆ తర్వాత పోటీ పెరిగేకొద్దీ ఒక్కొక్కటే కంపెనీలకి వదిలేసుకుంటూ వచ్చింది. మన సెల్ రేట్లు కంపెనీలు పెంచినప్పుడు ట్రాయ్ ఏం చేస్తోంది అని అందరం తిడతాం కదా, అవి ఫర్‌బేరెన్స్ కిందే ఉన్నాయి. అలా వదలకుండా పట్టుకున్న కొద్ది వాటిల్లో పల్లెటూళ్ళ ల్యాండ్‌లైన్ ఒకటి. అంటే కెనడాకి మన దగ్గర తలకిందులు. అక్కడ పోటీ ఉన్న పల్లెల్లో చెయ్యి తీశారు, మన దేశంలో పల్లె ల్యాండ్‌లైన్ మీద చెయ్యి అలాగే ఉంచారు.

కానీ రేటు మీద చెయ్యి ఉంటే సరిపోదు, మీ పెట్టెలో టోన్ రావాలిగా. ప్రైవేట్ కంపెనీలకి బేసిక్ ఫోన్ లైసెన్సులిచ్చినప్పుడు ఊళ్ళల్లో పబ్లిక్ ఫోన్లు పెట్టాలని షరతు పెట్టారు, చాలామంది పెట్టకుండా జరిమానాలతో సరిపెట్టుకున్నారు. టాటా వాళ్ళు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలుపెట్టారు, హైదరాబాద్ లాంటి సిటీలే వాళ్ళ లోకం. పల్లె బరువంతా 2000 అక్టోబర్ 1న పుట్టిన బీఎస్‌ఎన్‌ఎల్ మీదే పడింది. ఆ నష్టం పూడ్చడానికి వేరే కంపెనీల కాల్స్ మీద యాక్సెస్ డెఫిసిట్ ఛార్జీ అని 2003లో పెట్టారు, 2008లో తీసేశారు. 2002 నుంచి పల్లెలకీ ఫోన్ అందించడానికి యూఎస్ఓ ఫండ్ అనే నిధి ఉంది, కంపెనీల సర్దుబాటు ఆదాయంలో 5 శాతం దానికి పోతుంది, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. ఇన్ని పేర్లు మారాయి గానీ రాగి తీగ దొంగలు కోసుకుపోయిన చోట కొత్త తీగ వేసే లైన్‌మన్ పోస్టులు మాత్రం ఖాళీ అయిపోయాయి, అది నేను కళ్ళారా చూసింది, రిటైరైన రోజు మా సెక్షన్లో నా తర్వాత కుర్చీలో కూర్చునేవాళ్ళు లేరు.

మీకు నా సలహా, పాత రాగి లైన్ కోసం తిరగొద్దు. మీ మండలంలో ఫైబర్ ఎవరెవరిస్తున్నారో కనుక్కోండి, చాలాచోట్ల లోకల్ కేబుల్ టీవీ అబ్బాయే ఇస్తున్నాడు, వాయిస్ కూడా దాని మీదే వస్తుంది. పాత కనెక్షన్ని మాత్రం రాతపూర్వకంగా సరెండర్ చేసి డిపాజిట్ వెనక్కి అడగండి, ఊరికే వదిలేయకండి, అది మీ డబ్బు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో కొండల్లో ఉంటాం అన్నయ్యా, ఇక్కడ కూడా ఫోన్ కంపెనీ తప్పుకుంటామంటోందని విన్నాం, నిజమేనా?

జవాబు: ఏటీ అండ్ టీ అడిగింది, ఎవరు అడిగినా ఇంటికి లైన్ ఇచ్చి తీరాలన్న బాధ్యత నుంచి మమ్మల్ని విడిపించండి అని. కాలిఫోర్నియా పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ 2024 జూన్లో ఆ అర్జీని కొట్టేసింది. ఆ బాధ్యత తీసుకోవడానికి సిద్ధపడే ఇంకో కంపెనీని చూపించలేకపోయారన్నది అందులో ముఖ్యమైన కారణం. గమనించాల్సింది ఏంటంటే, అక్కడ నడిచింది రేటు తగువు కాదు, లైన్ ఉంటుందా ఉండదా అన్న తగువు. అది రేటు కంటే పెద్దది. మీరు మీ కొండమీద ఉన్నవాళ్ళందరికీ ఈ విషయం చెప్పి ఉంచండి, ఇలాంటివి ఒక్క అర్జీతో అయిపోవు.

ప్రశ్న: కంపెనీతో మాట్లాడి మాట్లాడి విసిగిపోయాం, కంప్లయింట్ ఎక్కడివ్వాలి? సీఆర్‌టీసీకా?

జవాబు: కాదు. సీసీటీఎస్ అని విడిగా ఒక సంస్థ ఉంది, 2007లో ఈ డీరెగ్యులేషన్‌తో పాటే పుట్టింది, రేట్ల మీద చెయ్యి తీసేస్తున్నాం కాబట్టి కస్టమర్ మొర వినడానికి ఎవరో ఒకరుండాలి అని. మీకు ఖర్చు లేదు. ముందు కంపెనీకి చెప్పి ఉండాలి, ఎప్పుడు ఎవరితో మాట్లాడారో తారీఖులు రాసి పెట్టుకోండి. బిల్లు తప్పులు, చెప్పిన మాట ఒకటి వేసిన ఛార్జీ ఒకటి, కనెక్షన్ ఇవ్వకుండా తిప్పడం, ఇవన్నీ వాళ్ళు చూస్తారు. రేటు ఎక్కువగా ఉంది అన్న ఒక్క కారణం మాత్రం వాళ్ళు తీసుకోరు.

ప్రశ్న: తాతయ్య గారూ, మా ఇంట్లో రాగి తీగ తీసేసి ఫైబర్ ఇస్తాం, ఫోన్ అలాగే పనిచేస్తుంది అంటున్నారు. నిజంగా అలాగే పనిచేస్తుందా? మాది ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, తుఫానులొస్తే కరెంటు రోజులతరబడి ఉండదు.

జవాబు: మాట అలాగే వినిపిస్తుంది తల్లీ, ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. తేడా కరెంటు పోయినప్పుడే.

మా ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గది అని ఒకటుండేది, రెండు వోల్టుల సెల్స్ 24 వరసగా, మొత్తం 48 వోల్టులు, ఒక్కో సెల్ నడుమెత్తున ఉండేది. వారం వారం డిస్టిల్డ్ వాటర్ పోసి, హైడ్రోమీటర్ ముంచి రీడింగ్ రిజిస్టర్లో రాయడం నా మొదటి డ్యూటీ, ఆ యాసిడ్ వాసన ఇప్పటికీ గుర్తుంది. మీ ఇంట్లో గోడ ఫోన్‌కి కరెంటు వచ్చేది మీ ఇంటి నుంచి కాదు, అలాంటి ఒక గది నుంచి రాగి తీగ గుండా. అందుకే ఊరంతా చీకటైనా డయల్ టోన్ ఉండేది. ఫైబర్ గాజు పోగు, దాంట్లో కరెంటు పోదు. ఇంట్లో పెట్టే పెట్టెకి మీ ఇంటి ప్లగ్గే ఆధారం, కరెంటు పోతే ఆ పెట్టెకి బ్యాటరీ ఉంటే కొన్ని గంటలు, లేకపోతే అప్పుడే ఆగిపోతుంది. కేబుల్ ఫోన్ కూడా అంతే.

2022 సెప్టెంబర్ 24న ఫియోనా తుఫాను వచ్చినప్పుడు మీ దీవిలోనూ నోవా స్కోషియాలోనూ ఏం జరిగిందో మీకు నాకన్నా బాగా తెలుసు, రోజులకొద్దీ కరెంటు లేదు, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయి అవీ ఆగాయి. అదే ఏడు జులై 8న రోజర్స్ అనే పెద్ద ఫోన్ కంపెనీ నెట్‌వర్క్ పడిపోతే కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లకి సెల్లూ ఇంటర్నెట్టూ ఇంటి ఫోనూ ఒకేసారి పోయాయి, కొంతమందికి 911 కూడా తగల్లేదు. అందుకని ఇంటి ఫోన్ ఒక కంపెనీదైతే సెల్ ఇంకో కంపెనీది ఉంచుకోండి, రెండూ ఒకరి దగ్గరే తీసుకుంటే నెలకి పది డాలర్లు తగ్గుతుందన్నా సరే.

ఫైబర్ వేయడానికి టెక్నీషియన్ వచ్చినప్పుడు బ్యాటరీ బ్యాకప్ ఉందా, ఎన్ని గంటలు, పాడైతే కొత్తది ఎవరు కొనాలి, ఈ మూడూ అడగండి. ఆయన వెళ్ళిపోయాక కాదు, ఆయన మీ ఇంట్లో ఉండగానే మెయిన్ ఆపేయించి రిసీవర్ ఎత్తి చూడండి. టోన్ వస్తే గడియారం చూసి టైము రాసుకోండి, మళ్ళీ గంటకోసారి ఎత్తుతూ ఎప్పుడు ఆగిందో అదీ రాయండి. ఆ కాగితం ఫోన్ పక్కనే గోడకి అంటించి, ఒక కాపీ నాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.